పక్క సీటు సాక్ష్యం

జడ్చర్ల చౌరస్తా దాటినాక లారీ టైర్ల దుకాణం పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు. ఉన్న బోర్డు గాలిదుమారానికి ఎగిరిపోతే మళ్లీ రాయించలేదు. అది చోటే మియా షెడ్డు. అక్కడికి కారు తీసుకుపోయిన మగవాళ్లకు ముందుగా ఒక చిన్నతనం జరుగుతుంది. నడిపిన మనిషిని ఆయన ఏమీ అడగడు. వెనక సీట్లోకి పొమ్మంటాడు. పక్క సీట్లో కూర్చుని వచ్చింది భార్య కానీ, తల్లి కానీ, వాళ్ల దిక్కు తిరుగుతాడు.

“నడిపేటోడు తన తప్పు దాస్తడు. పక్కన కూసున్నోళ్లకు దాసే పని లేదు. మీరు చెప్పుండ్రి” అంటాడు.

నేనూ అట్లా పక్క సీట్లో కూర్చుని పోయినదాన్నే. ఆ రోజు ఆయన నన్ను అడగకపోతే మా బిడ్డ ఈపాటికి ఇంట్లో కూర్చుని ఉండేది. అందుకని ఆయన గురించి నాకు తెలిసినంత రాస్తున్నాను.

చోటే మియాకు అరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. పొట్టి మనిషి. ఆ షెడ్డులో తెల్లగా కనిపించేది ఆయన గడ్డం ఒక్కటే, మిగిలిందంతా మసి. ఇరవై మూడేళ్ల వయసులో సౌదీలోని దమ్మాం పోయాడు. డ్రైవర్ పని అని పోతే దొరికింది గ్యారేజీ ఊడ్చే పని. అక్కడి కార్లు చాలావరకు గేరు తనంతట తానే మారేవి. క్లచ్చు ఉండదు, ఎడమ కాలికి పని ఉండదు. గ్యారేజీలో ఒక ఈజిప్టు ముసలాయన దగ్గర ఆ గేరుపెట్టెలు విప్పడం, బిగించడం నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్లు అదే పని చేశాడు. తల్లికి పక్షవాతం వచ్చిందని తిరిగి వచ్చాడు. చూస్తే ఇక్కడ అట్లాంటి కారు ఒక్కటి లేదు. అంత కష్టపడి నేర్చిన విద్య ఎవరికీ అక్కర లేదు. లారీల క్లచ్ ప్లేట్లు మార్చుకుంటూ సంసారం ఈడ్చాడు. చాయ్ హోటల్ దగ్గర అందరూ ఆయన్ను ‘అరబ్ డాక్టర్’ అని ఎక్కిరించేవారట.

ఆయన భార్య అజీజా బేగం నాతో చెప్పింది. ప్రతి శుక్రవారం నమాజు చదివి వచ్చి, దమ్మాం నుంచి తెచ్చిన పనిముట్ల పెట్టె తెరిచి, ఒక్కొక్కటీ నూనె గుడ్డతో తుడిచి మళ్లీ సర్దేవాడట. ఇరవై ఏళ్లకు పైగా ఏ బండీ లేకుండా అట్లా తుడిచాడు. ఇంట్లో గడవని రోజుల్లో తుక్కు కొనేవాడు గుమ్మంలోకి వచ్చి అడిగినా ఇవ్వలేదు.

“బండ్లు రాకపోతే నా తప్పు గాదు. వచ్చిన్నాడు నా సామాను తుప్పు పట్టి ఉంటే అది నా తప్పు” అన్నాడట.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు ఆ కార్లు మన రోడ్ల మీదికి కూడా వచ్చాయి. అయినా జనం ముందు అద్దాల తలుపులున్న వర్క్‌షాపులకు పోతారు. చోటే మియా దగ్గరికి ఆఖరున వస్తారు. మేమూ ఆఖరునే పోయాం.

మా ఆయన కమలాకర్ కల్వకుర్తిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నడిపేవాడు. మాకు వర్షిత ఒక్కతే బిడ్డ. నాలుగో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడింది. చదువు మాత్రం ఆపలేదు. పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం తెచ్చుకుంది. ఆ ఊరు మాకు పద్దెనిమిది కిలోమీటర్లు. పొద్దున్నే ఊళ్లో నిలబడి ఫోన్‌లో ఫొటో తీసి హాజరు వేయాలి. ఆ వేళకు బస్సు లేదు. స్కూటీకి పక్క చక్రాలు పెట్టిస్తే మట్టిరోడ్డు మీద రెండుసార్లు పడింది. అప్పుడు మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి, గేరు తనంతట తానే మారే పాత కారు ఒకటి చూశాడు. కొనే ముందు చోటే మియాకు చూపించాడు. ఆయన పక్క సీట్లో కూర్చుని ఒక చుట్టు తిప్పించి, తీసుకో అన్నాడట. వర్షిత నెల రోజుల్లో నేర్చుకుంది. మొదటిసారి తానొక్కతే ఊరికి పోయి వచ్చిన సాయంత్రం, మా ఆయన రాగితీగ చుట్ట చేతిలో పట్టుకుని, దాన్ని కింద పెట్టడం కూడా మరిచి, దుకాణం మెట్ల మీద నిలబడి చూశాడు.

ఆ మరుసటి ఏడు ఆషాఢంలో ఆయన పోయాడు. దుకాణంలో కూర్చున్నచోటే పోయాడు.

ఇంట్లో ఉంటే గోడలు మీదికి వచ్చేవి. అందుకని నేను కూడా పొద్దున్నే వర్షిత పక్కన కూర్చుని ఆ ఊరికి పోవడం మొదలుపెట్టాను. ఒళ్లో అన్నం డబ్బా పెట్టుకునేదాన్ని. సాయంత్రం దాకా పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చునేదాన్ని. ఎవరు పలకరించినా తల ఊపడమే. దారిలో కారు ఎక్కడెక్కడ గేరు మారుతుందో డబ్బాలో పప్పు కదలికను బట్టి నా మోకాళ్లకు తెలిసేది. మొదటి నుంచి రెండుకు కొంచెం, రెండు నుంచి మూడుకు ఇంకొంచెం. అంతకు మించి కదిలేది కాదు.

దసరా పోయిన మూడో రోజున కారు మొరాయించింది. కదిలేటప్పుడు బస్తాలు ఎత్తినట్టు బరువుగా కదిలింది. ఇంజను అరుస్తుంది గానీ వేగం పెరగదు. గేరు మారదు. మారితే వెనక నుంచి ఎవరో తన్నినట్టు పడుతుంది. పప్పు మూత దాటి నా చీర మీద ఒలికింది. స్పీడు చూపించే ముల్లు పక్కన పసుప్పచ్చ లైటు వెలిగింది. ఆ తర్వాత రెండు రోజులకోసారి ఇదే వరస. వర్షితకు నెలలో మూడుసార్లు హాజరు తప్పింది. ఇంకోసారి తప్పితే ఉద్యోగం మీదికి వస్తుందని కాగితం వచ్చింది.

మా మరిది దివాకర్‌కు రెండు ట్రాక్టర్లు, ఒక వరికోత మిషన్ ఉన్నాయి. బండ్ల సంగతి ఇంట్లో అతని మాటే చెల్లుతుంది. కారును హైదరాబాద్‌లో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోయాడు. గేరుపెట్టె లోపల పోయింది, మొత్తం మార్చాలి అన్నారట. విప్పి చూడలేదు. దివాకర్ ఇంటికి వచ్చి తీర్పు చెప్పేశాడు. పిల్లకు నడపరాదు, ఒంటి కాలితో నడిపి గేరుపెట్టెను తినేసింది, అమ్మేద్దాం అన్నాడు. మరి నా ఉద్యోగం ఎట్లా చిన్నాయినా అని వర్షిత అడిగితే, బదిలీ పెట్టుకో, కాకపోతే మానెయ్, ఇంట్లో తిండికి కరువా అన్నాడు. చెడ్డవాడని రాయను. అన్న లేని కారు గేటులోకి వస్తుంటే కండ్లతో చూడలేకపోతున్నానని నా ముందే ఏడ్చాడు. కానీ ఏడ్చిన మర్నాడే జడ్చర్లలో కొనేవాణ్ని మాట్లాడి వచ్చాడు.

కారు మా ఆయన పేరు మీద ఉంది. ఆయన తర్వాత నా సంతకం కావాలి. అమ్మకం కాగితాలు కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు, అక్కడికి పోయినాక పెట్టమని. నేను కవరు తీసుకున్నాను.

కార్తీకం. పొద్దున్నే మంచు కురుస్తున్నది. దివాకర్ నడుపుతున్నాడు. నేను పక్కన, వర్షిత వెనక. కల్వకుర్తి దాటకముందే పసుప్పచ్చ లైటు వెలిగింది. జడ్చర్ల దాకా ఇంజను మూలుగుతూనే వచ్చింది. కొనేవాడి ఇల్లు ఇంకో రెండు వీధులుందనగా దివాకర్ కారు ఆపేసి, తాళం తీసి, కొంచెం సేపు ఆగి, మళ్లీ స్టార్ట్ చేశాడు. లైటు పోయింది. గేరు వెన్నలా పడింది. అట్లా చేస్తే కొంతసేపు బాగా పోతుందని అతనికి తెలుసు. ఆ కొంతసేపట్లో బేరం ముగించాలని అతని ఆలోచన. పిల్లకు నడపరాదన్న మనిషికి ఈ కిటుకు ఎట్లా తెలుసు? లోపల పోయిన గేరుపెట్టె తాళం తిప్పితే ఎట్లా బాగవుతుంది?

“టైర్ల దుకాణం కాడ ఆపు” అన్నాను.

ఎందుకు వదినె అన్నాడు. అమ్ముకునే బండికి డాక్టరెందుకు అని నవ్వాడు.

“మీ అన్న కొన్ననాడు సూపిచ్చిండు. అమ్మేనాడు గూడ సూపియ్యాలె.”

ఆపాడు. చోటే మియా లోపలి నుంచి వచ్చి కారును చూసి, ఇది కమలాకర్ బండి కదా, ఆయన రాలేదా అన్నాడు. ఆయన పోయిన సంగతి వర్షిత చెప్పింది. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత దివాకర్‌ను వెనక సీట్లోకి పొమ్మన్నాడు. దివాకర్ ముఖం మాడ్చుకుని వెనక్కు పోయాడు. చోటే మియా స్టీరింగు ముందు కూర్చుని కారును ఒక చుట్టు తిప్పాడు. అది ఏ తప్పూ ఎరుగనట్టు పోయింది.

ఇప్పుడు మంచిగానే ఉంది గదా అని వెనక నుంచి దివాకర్ అన్నాడు.

“నిన్ను అడగలే సేటూ. అమ్మా, మీరు చెప్పుండ్రి. కండ్లు మూసుకొని చెప్పుండ్రి.”

కండ్లు మూసుకున్నాను. నాలుగు నెలలుగా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. తిన్నావా, పడుకున్నావా, అంతే. నాకు తెలిసిందంతా మెల్లగా చెప్పాను. పొద్దున మంచులో వస్తుందని, మధ్యాహ్నం ఎండ తగిలినాక ఉండదని, తాళం తీసి వేస్తే కొంతసేపు పోతుందని, వచ్చినప్పుడు ఒకే గేరులో మొండికేస్తుందని చెప్పాను.

“హైదరాబాదోళ్లకు గిదంత చెప్పిండ్రా?”

“నన్ను ఎవ్వరు అడగలే.”

ఆయన తల ఊపాడు. లోపల అరిగిన గేరుపెట్టె ఎండ, మంచు చూసుకోదని, వేడెక్కిన కొద్దీ ఇంకా మొరాయిస్తుందని చెప్పాడు. ఇది వేడెక్కితే తగ్గుతున్నది. కారును చదును నేల మీద నిలిపి, ఇంజను నడుస్తుండగానే గేరు కర్రను అన్ని గుర్తుల మీదికీ ఒకసారి తిప్పి, బానెట్ ఎత్తి, గేరు ఆయిలు కొలిచే చువ్వ బయటికి లాగాడు. రంగు చూడడానికి తెల్ల కాగితం ఏదైనా ఉంటే ఇమ్మన్నాడు.

నా చేతిలో కవరు ఉంది. అమ్మకం కాగితం బయటికి తీసి, రాయని వైపు పైకి తిప్పి ఆయనకిచ్చాను.

“వదినె, అది సంతకం పెట్టేది” అన్నాడు దివాకర్.

“తెల్సు” అన్నాను.

చోటే మియా మా ఇద్దరి ముఖాలూ చూశాడు. తర్వాత చువ్వను ఆ కాగితం మీద తుడిచాడు. దానిమ్మ రసంలాగా ఎర్రటి మరక పరుచుకుంది. వాసన చూడమని నా ముందు పెట్టాడు. మాడిన పోపు వాసన వస్తుందా అని అడిగాడు. పోపు మాడితే నాకు అటు వీధి నుంచే తెలుస్తుంది. రాలేదు. పచ్చి నూనె వాసనే వచ్చింది.

“లోపట కాలితే ఆయిలు నల్లగైతది, మాడు వాసనొస్తది. గిది సల్లగున్నది. గేరుపెట్టె మార్చుమన్నోడు గీ చువ్వ గూడ గుంజి సూడలే.” ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం ఉంది. మా కోసమే కాదు, ఇరవై ఏళ్లకు పైగా తుడిచిన సామాను కోసం కూడా అని తర్వాత అనిపించింది.

ఎప్పటి సంది ఈ బీమారి అని అడిగాడు. పిల్ల నడపబట్టినప్పటి సంది అన్నాడు దివాకర్. వర్షిత ఏదో అనబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

“గాదు. దసరా సంది” అన్నాను.

దివాకర్ నా ముఖం చూశాడు. నేను ఆపలేదు, అంతా చెప్పాను. ఆ ఏడు మా ఇంట్లో పండుగ లేదు. కానీ బండికి పూజ తప్పగూడదని దసరా నాడు అతను తన ట్రాక్టర్లతో పాటు ఈ కారును కూడా మా వాకిట్లో నిలబెట్టాడు. నన్ను ఎదురు రావద్దన్నారు. నేను లోపలి అర్రలో కూర్చున్నాను. చూడలేదు గానీ అంతా విన్నాను. ముందు నీళ్ల మోటారు చప్పుడు, పైపుతో నీళ్లు ఇనుముకు కొట్టిన చప్పుడు. బానెట్ ఎత్తిన చప్పుడు. నీళ్లు మళ్లీ, ఈసారి బొళబొళమని లోపలికి. తర్వాత కొబ్బరికాయ పగిలింది. కాయ నీళ్లన్నీ ఇంజను మీద పొయ్యి అని ఎవరో అన్నారు. చివరికి బానెట్ మూసిన చప్పుడు. మర్నాడు బండి ముందు నేల మీద పసుపు నీళ్ల చారలు ఉంటే నేనే ఊడ్చాను. ఇంకో రెండు రోజులకు పప్పు ఒలికింది.

చోటే మియా లైటు పట్టుకుని బానెట్ కిందికి చాలా లోతుకు వంగాడు. గేరుపెట్టె పక్కన, తీగల కట్టలు రెండు కలిసేచోట ఒక ప్లాస్టిక్ ముడి ఉంటుంది. కప్లర్ అంటారట. దాన్ని విప్పి బయటికి లాగి చూపించాడు. లోపలి ఇత్తడి సూదులకు పచ్చటి కిలుము పట్టింది. అంచుల్లో పసుపు, కుంకుమ ముద్దలుగా ఎండి ఉన్నాయి. బండి ఎంత వేగంతో పోతుందో గేరుపెట్టెకు కబురు చెప్పే తీగ అది. కిలుముకు తడి తగిలితే కబురు అందదు, బండి భయపడి ఒకే గేరు పట్టుకుని కూర్చుంటుంది అని చెప్పాడు.

దివాకర్ ఒప్పుకోలేదు. ట్రాక్టర్లకు ఏండ్ల సంది గట్లనే చేస్తున్నం, ఎన్నడూ ఏం కాలేదు అన్నాడు.

“ట్రాక్టర్ బర్రె లెక్క సేటూ, నీళ్లు పోస్తే ఖుషీ అయితది. గిది బర్రె గాదు.”

నోటితో చెబితే అతను నమ్మడని చోటే మియాకు అర్థమైంది. కప్లర్‌ను ఎట్లా ఉన్నదట్లా మళ్లీ బిగించి, చెంబుతో నీళ్లు తెప్పించి నా చేతికిచ్చాడు. చూపించిన చోట చిలకరించమన్నాడు. మా ఆయన పోయినప్పటి నుంచి నేను వాకిట్లో సాంపి పేడనీళ్లు కూడా చల్లలేదు. వేళ్లు ముంచి నాలుగుసార్లు చిలకరించాను.

“బేటా, ఇప్పుడు నువ్వు నడుపు” అన్నాడు వర్షితతో.

అందరం ఎక్కాం. దివాకర్ వెనకే. వర్షిత నడపడం అతను అప్పటిదాకా ఎన్నడూ చూడలేదు. మహబూబ్‌నగర్ రోడ్డు మీద అర కిలోమీటరు పోయామో లేదో పసుప్పచ్చ లైటు వెలిగింది. దడేల్మని తన్నింది. ఇంజను మూలిగింది. వర్షిత కంగారు పడలేదు. ఎడమకు తీసి, వెనక లారీని పోనిచ్చి, మెల్లగా తిప్పి షెడ్డుకు తెచ్చింది. దిగి బానెట్ దివాకరే ఎత్తాడు.

చోటే మియా పాత కప్లర్ కోసి పారేసి కొత్తది పెట్టాడు. దానికి గంట పట్టింది. ఆ గంటలో అజీజా బేగం చాయ్ ఇచ్చి, ఆ శుక్రవారాల సంగతి చెప్పింది. పని అయినాక ఆయన మళ్లీ చెంబు నా చేతికిచ్చాడు. ఈసారి చిలకరించడం కాదు, సగం చెంబు పోశాను. వర్షిత మళ్లీ అదే రోడ్డు మీద నడిపింది. నేను కండ్లు మూసుకున్నాను. మూడో గేరు ఎప్పుడు పడిందో నాకు తెలియలేదు.

షెడ్డు ముందు దిగినాక దివాకర్ వర్షిత దగ్గర తాళం తీసుకుని, గొంతు తగ్గించి అన్నాడు, బాగైంది మంచిదే, కానీ అవతల కొనేవాడు ఎదురుచూస్తున్నాడు, మాట ఇచ్చాను, మగవాడి మాట పోతుంది వదినె అని.

“మాటిచ్చింది నువ్వు. బండి మీ అన్నది. ఇప్పుడు నాది. నా బిడ్డ కాళ్లు ఇంటి ముంగట నిలబెట్టి అమ్ముతనంటే నేను సంతకం పెట్ట. పోయి చెప్పుకో.”

“అంటే నేను మంచి జెయ్యనీకే రాలేదా?”

“మంచి జెయ్యనీకే వచ్చినవు. దసరా నాడు గూడ మంచి జెయ్యనీకే నీళ్లు పోసినవు. తప్పు మాత్రం పిల్ల మీద పెట్టినవు. తాళం వర్షితకియ్యి.”

నేను జీవితంలో అతనితో అన్ని మాటలు ఒకేసారి అనలేదు. అతను తాళం వర్షిత చేతికి ఇవ్వలేదు, కారు మీద పెట్టాడు. బస్సెక్కి పోయాడు. మూడు నెలలు మా గడప తొక్కలేదు.

చోటే మియా ఎర్ర మరక పడ్డ ఆ కాగితం మడిచి నాకిచ్చాడు. పారేస్తానేమో అనుకున్నాడట. నేను దాన్ని కారు సొరుగులో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

పోయిన ఏడు దసరాకు దివాకర్ తానే వచ్చాడు, చేతిలో కొబ్బరికాయతో. వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి పో అని పక్కింటి నర్సింగమ్మ నాకు సైగ చేసింది. నేను పోలేదు. తడి గుడ్డతో బానెట్ పైపైన తుడిచాను. పసుపు, కుంకుమ బొట్లు పైనే పెట్టాను. దివాకర్ చేతిలోంచి కాయ తీసుకుని, గేటు పక్కన బండకు కొట్టాను. నీళ్లన్నీ మట్టిలోకి పోయాయి. నర్సింగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దివాకర్ వంగి కొబ్బరి చిప్పలు రెండూ ఏరి నాకిచ్చాడు.

మర్నాడు పొద్దున మంచు ఉంది. డబ్బా ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. వర్షిత హాజరు వేళకు ముందే ఊరు చేరింది. దారి పొడుగునా పప్పు ఒలకలేదు.